లోపల వదిలిన గుడ్డ

మా పెద్దక్క ఆపరేషన్‌ను నేనిప్పటికి పదిసార్లయినా చూసి ఉంటాను. హైదరాబాదులో డిశ్చార్జి చేసిన రోజున బిల్లులు, మందుల చీటీలతో పాటు ఒక పెన్‌డ్రైవ్ కూడా చేతిలో పెట్టారు. "లోపల చేసిందంతా ఇందులో ఉంది, దాచుకోండి" అన్నాడు కుర్ర డాక్టరు, పెళ్లి ఆల్బం అందిస్తున్నట్టు. అక్క ఈ రోజు వరకూ దాన్ని చూడలేదు. "నా కడుపులో ఏముందో నాకు తెలీదేమిట్రా" అని కొట్టిపారేసింది. నేను మొదటిసారి భయపడుతూ చూశాను. రెండోసారి అర్థం చేసుకుందామని చూశాను. ఆ తర్వాత చూసినవన్నీ పనితనం కోసమే.

మంగళగిరి మగ్గాల గురించి, పెడన అచ్చుల గురించి, ఏటికొప్పాక లక్కబొమ్మల గురించి పత్రికలకు రాస్తూ వచ్చినవాణ్ణి. పనివాడి చెయ్యి ఎక్కడ పరిగెడుతుందో, ఎక్కడ నెమ్మదిస్తుందో గమనించడం నాకు వదలని జబ్బు. ఆ చూపుతోనే ఈ వీడియో చూశాను. ఆ తర్వాత రెండేళ్లపాటు గుంటూరులో అక్క వంటింట్లో జరిగిందాన్నీ అదే చూపుతో చూశాను. రెండు చోట్లా నన్ను కట్టిపడేసింది మాత్రం చెయ్యి కదిలిన తీరు కన్నా అది ఆగిన చోటు.

అక్కకి అప్పుడు 52 ఏళ్లు. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 118 కిలోలు. పన్నెండేళ్లుగా షుగరు, మెట్లెక్కనివ్వని మోకాళ్లు, నిద్రలో ఊపిరి ఆగిపోతుంటే రాత్రంతా ముక్కుకి మాస్కు. చెయ్యని డైటింగ్ లేదు, తిరగని వాకింగ్ ట్రాకు లేదు. పది కిలోలు తగ్గేది, పన్నెండు పెరిగేది. చివరికి చేయించుకున్న ఆపరేషన్ పేరు స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. డాక్టరు "మీకు స్లీవ్ చేద్దామమ్మా" అన్నప్పుడు అక్క "జాకెట్టుకా?" అంది. హాస్యానికి అన్నది కాదు. ఆమెకి తెలిసిన స్లీవ్ అదొక్కటే. ఆలోచిస్తే ఆమె అన్నదే సరి. సంచిలా ఉండే జీర్ణాశయాన్ని నిలువునా కత్తిరించి, జాకెట్టు చేతిలా సన్నటి గొట్టాన్ని మిగల్చడమే ఆ ఆపరేషన్. లీటరు దాకా పట్టే సంచిలో నాలుగింట మూడు వంతులకు పైగా బయటికి పోతుంది. మిగిలిన గొట్టంలో ఒక టీ గ్లాసుడు పడుతుంది.

పొట్ట మీద ఐదు చిన్న గాట్లు. కార్బన్ డయాక్సైడ్ నింపి పొట్ట గోడని గుడారంలా పైకి లేపారు. కెమెరా లోపలికి వెళ్లగానే తెర నిండా పసుపు, కొవ్వు పసుపు. దాని మీదుగా ఇటుక రంగు కాలేయం అంచు. ఆ అంచు పల్చగా కనబడటానికి కారణం అక్కే. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు అన్నం, తీపి పూర్తిగా మానేసి ప్రోటీన్ పొడి కలిపిన పానీయాల మీద ఉంది. కొవ్వు పట్టి ఉబ్బిన కాలేయం ఆ పద్నాలుగు రోజుల్లో కుంచించుకుంటుంది. లేకపోతే దాని ఎడమ రెక్క జీర్ణాశయం పైభాగం మీద పడి చోటివ్వదు, పైకెత్తబోతే చిట్లి నెత్తురు కారుతుంది. నేతకి పడుగు లాగా ఈ పనికి కాలేయం. దాన్ని సిద్ధం చేసుకుని తీసుకెళ్లింది రోగే.

జీర్ణాశయం బయటి వంపు పొడవునా ఒక కొవ్వు తెర వేలాడుతుంటుంది. రెంటినీ కలుపుతూ సన్నటి రక్తనాళాలు, చీర అంచుకి ఫాల్ కుట్టిన కుట్లలాగా వరసగా ఉంటాయి. మొదట ఆ ఫాల్ విప్పాలి. సర్జన్ చేతిలోని పరికరం నాళాన్ని వేడితో అతికించి, అదే పట్టులో కోసేస్తుంది. కొంచెం ఆవిరి లేస్తుంది, అంతే. కిందిభాగంలో ఈ పని చకచకా సాగింది. పైకి, ప్లీహం దగ్గరికి చేరేసరికి చెయ్యి నెమ్మదించింది. అక్కడి నాళాలు పొట్టివి. ఉండాల్సినదానికన్నా రవ్వంత ఎక్కువ లాగితే ప్లీహం చిట్లుతుంది. ఈ సర్జన్ లాగడు. ఆనించి ఉంచుతాడు, అది ఒరిగేదాకా చూస్తాడు. చిక్కుపడ్డ పోగుని తెంపకుండా విడదీసే నేతగాళ్ల వేళ్లలో ఈ ఓర్పు చూశాను. ఇనుప కర్రల చివర కూడా అది ఉండగలదని నాకు తెలీదు.

జీర్ణాశయం పూర్తిగా విడిపోయాక మత్తు డాక్టరు నోటి గుండా ఒక మెత్తటి గొట్టాన్ని దింపారు. దాన్ని బూజీ అంటారు, అది కొలత కోసం. దాని లావు 36 ఫ్రెంచ్. ఫ్రెంచ్ అంటే మిల్లీమీటరులో మూడో వంతు, అంటే 12 మిల్లీమీటర్లు, సుమారుగా చిటికెన వేలంత. కంసాలి ఉంగరాన్ని కడ్డీకి తొడిగి గుండ్రం సరిచూసినట్టు, ఈ గొట్టాన్ని లోపల ఉంచి దాని వెంబడి కత్తిరించుకుంటూ పోతారు.

కత్తిరించేది కత్తెర కాదు, స్టేప్లర్. ఆఫీసులో కాగితాలు కుట్టే దానికి దూరపు చుట్టం. 1908లో బుడాపెస్టులో హ్యూమర్ హుల్ట్ల్ అనే సర్జన్, విక్టర్ ఫిషర్ అనే పరికరాల పనివాడు కలిసి మొదటిది చేశారు. బరువు మూడున్నర కిలోల పైమాటే. దాన్ని బిగించి సిద్ధం చేయడానికే రెండు గంటలు పట్టేదట. తర్వాత హంగరీకే చెందిన అలదార్ పెట్జ్ దాన్ని తేలిక చేశాడు. 1950లలో మాస్కోలో దీని కోసం ఒక సంస్థే పనిచేసింది. 1958లో సోవియట్ యూనియన్ చూడబోయిన అమెరికన్ సర్జన్ మార్క్ రావిచ్ కీవ్‌లో దీన్ని చూసి ముచ్చటపడి ఒకటి వెంట తెచ్చుకున్నాడు. అక్కడి నుంచి అమెరికా కంపెనీల చేతికి, అక్కడి నుంచి ప్రపంచానికి. ఇంత చుట్టు తిరిగినా, హుల్ట్ల్ మొదట పట్టుకున్న మూడు కిటుకులు మాత్రం మారలేదు. కోసేముందు కండని రెండు దవడల మధ్య అదమాలి. పిన్నుల్ని ఒకే వరసలో కాకుండా, తాపీమేస్త్రి ఇటుకలు పేర్చినట్టు సందు మీద సందు పడకుండా వెయ్యాలి. ఇక మూడోది నాకు అన్నిటికన్నా నచ్చింది. పిన్ను చివరలు చదునుగా అణగకూడదు, ఇంగ్లీషు అక్షరం బి ఆకారంలో వంగాలి. ఆ బి కడుపులోని రెండు కన్నాల గుండా వెంట్రుకకన్నా సన్నటి నాళాలు నెత్తురు మోస్తూనే ఉంటాయి. అందుకే కోసిన అంచు చచ్చిపోకుండా అతుక్కుంటుంది. గట్టిగా కుట్టడం ఎవరికైనా చేతనవుతుంది. కుట్టిన చోట ప్రాణం ఆడేంత సందు ఉంచడం ఆ 1908 నాటి బుర్రకి తట్టింది.

మొదటి కోత దగ్గర నేను ప్రతిసారీ వీడియో ఆపి వెనక్కి తిప్పుతాను. జీర్ణాశయం కింద కొసన పైలోరస్ అనే కవాటం ఉంటుంది. నలిగిన తిండిని కొద్దికొద్దిగా పేగులోకి వదిలేది అదే. దాన్ని ముట్టకుండా నాలుగు నుంచి ఆరు సెంటీమీటర్లు వదిలి కోత మొదలెట్టాలి. అక్కడ గోడ మందం, కాబట్టి పొడుగు పిన్నుల పెట్టె తొడిగారు. పైకి వెళ్లేకొద్దీ గోడ పల్చబడుతుంది, పిన్నులూ పొట్టివవుతాయి. స్టేప్లర్ దవడ మూసుకుంది. ఆపైన ఏమీ జరగలేదు. వీడియో ఆగిపోయిందనుకున్నాను మొదటిసారి. ఆగింది సర్జన్ చెయ్యి. అదిమిన కండలోంచి నీరు పక్కలకి జరిగి మందం సమం అయ్యేదాకా ఆగాలట. గడియారం పెట్టి చూశాను, ఇరవై సెకన్లు. వంటచేసేవాళ్లకి ఇదేమీ కొత్త కాదు, పిండి కలిపి నానేదాకా ఆగడం లాంటిదే. కానీ మనిషి పొట్ట లోపల దవడ బిగించి పెట్టుకుని, గదిలో ఆరుగురు చూస్తుండగా ఇరవై సెకన్లు చేతులు కదపకుండా ఉండటం చిన్న సంగతి కాదు. అప్పుడు నొక్కారు. అటు మూడు వరసలు, ఇటు మూడు వరసలు టైటానియం పిన్నులు, మధ్యలో సన్నటి కత్తి జారిపోయింది.

ఆరు కోతలు పడ్డాయి. మధ్యలో జీర్ణాశయం మోచేతిలా వంగే చోట సర్జన్ కొలత గొట్టానికి మరీ ఆనించకుండా కొంచెం ఎడంగా కోశారు. అక్కడ బిగిస్తే గొట్టం మెడ నులిమినట్టవుతుంది. తర్వాత జీవితాంతం ప్రతి ముద్దా అక్కడ చిక్కుకుంటుంది, కిందికి దిగనిది పైకి తంతుంది. చివరి కోత అన్నవాహిక కలిసే మూల దగ్గర. అక్కడా ఒక సెంటీమీటరు వదిలారు. గోడ పల్చన, నెత్తురు సరఫరా తక్కువ, లోపలి ఒత్తిడి ఎక్కువ. కుట్టు వదిలి కారేది ఎక్కువగా ఇక్కడే. వందలో ఒకరిద్దరికి జరిగే ఆ ప్రమాదం చాలా చెడ్డది, నెలలు మంచాన పడేస్తుంది. ఇంకాస్త బిగించి కోస్తే ఇంకాస్త బరువు తగ్గుతుంది కదా అనే ఆశ ఆ సెంటీమీటరు దగ్గరే చెయ్యి పట్టుకుని లాగుతుంది. మంచి సర్జన్ దానికి లొంగడు.

అసలు ఈ ఆపరేషన్ పుట్టిందే మధ్యలో ఆగడం వల్ల. ఒకప్పుడు ఇది ఒక పెద్ద ఆపరేషన్‌లో మొదటి సగం. జీర్ణాశయాన్ని సన్నం చేసి, ఆపైన పేగు దారి కూడా మళ్లించేవాళ్లు. 2000 ప్రాంతంలో న్యూయార్కులో పనిచేస్తున్న కెనడా సర్జన్ మిషెల్ గాన్యే, మరీ భారీకాయుల్లో రెండూ ఒకేసారి చేస్తే ప్రాణాపాయమని, మొదటి సగం చేసి ఆపి, బరువు కొంత తగ్గాక రెండోది చేద్దామనుకున్నాడు. తీరా చూస్తే ఆ మొదటి సగంతోనే చాలామంది తగ్గాల్సినంత తగ్గిపోయారు. రెండో సగానికి వాళ్లు తిరిగి రాలేదు. ఇప్పుడు ప్రపంచంలో బరువు కోసం ఎక్కువగా చేసే ఆపరేషన్ ఇదే. లోపం లేదని కాదు. 1966లో అయోవాలో ఎడ్వర్డ్ మేసన్ మొదలెట్టిన గ్యాస్ట్రిక్ బైపాస్‌తో పోలిస్తే దీనిలో పుల్లత్రేన్పుల బాధ ఎక్కువ. అక్కకీ వచ్చింది. మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు ఇప్పటికీ ఉన్నాయి.

చివరికి గొట్టంలోకి నీలిరంగు ద్రవం పోసి చూశారు. కొత్త జీర్ణాశయం సొరకాయలా ఉబ్బింది. పిన్నుల వెంబడి ఎక్కడా నీలం చుక్క పొడచూపలేదు. కోసిన భాగాన్ని బొటనవేలంత కన్నంలోంచి, దిండు గలీబు లాగినట్టు, నెమ్మదిగా బయటికి లాగారు. నలభై ఏడు నిమిషాలు. తెర నల్లబడింది.

ఇక్కడితో ఆగిపోతే అది హోర్డింగు కథ అయ్యేది. పాత ప్యాంటు పట్టుకుని నవ్వే మనిషి ఫొటోలు మీరూ చూసే ఉంటారు, ఫ్లైఓవర్ల పక్కన.

ఆ సాయంత్రమే అక్కని లేపి నడిపించారు. కాళ్లలో నెత్తురు గడ్డకట్టి ఊపిరితిత్తులకి పోవడం ఈ ఆపరేషన్ తర్వాత అతి పెద్ద భయం. మూడు బంతులున్న ప్లాస్టిక్ డబ్బా ఇచ్చి గంటగంటకీ గాలి పీల్చమన్నారు. మర్నాడు నీళ్లు. ఎన్ని? మందు కప్పుతో సగం. చెంబెత్తి గటగటా తాగిన మనిషికి అది నీళ్లు కాదు, నీళ్ల వాసన. అలవాటుకొద్దీ గుక్క పట్టబోయింది. ఛాతీ మధ్య ఎవరో గుద్దినట్టయి చెమటలు పట్టాయి.

ఇంటికొచ్చాక దారి చూపింది మా అమ్మ. భోషాణంలోంచి వెండి ఉగ్గుగిన్నె తీసింది. మా నలుగురికీ దాంతోనే ఉగ్గు పోసిందట, అక్కతో మొదలుపెట్టి. దాని ముక్కు సన్నం. ఎంత వంచినా పది చుక్కలకన్నా పడవు, గుక్క పడదామన్నా వీల్లేదు. కొలిస్తే సరిగ్గా 30 మిల్లీలీటర్లు పట్టింది. రోజుకి లీటరున్నర ద్రవం పోకపోతే ఒళ్లు ఎండిపోతుంది, కిడ్నీలో రాళ్లు పడతాయి. లీటరున్నర అంటే యాభై ఉగ్గుగిన్నెలు. మెలకువగా ఉన్న పదహారు గంటల్లో ఇరవై నిమిషాలకొకటి. అక్క గోడ మీద బొగ్గుతో గీతలు గీసుకుంది, పాలవాడి లెక్కలాగా. ఆ గీతలు ఇప్పటికీ చెరపలేదు.

మొదటి రెండు వారాలూ జారేవే. కొబ్బరినీళ్లు, చారుతేట, పల్చటి మజ్జిగ, పెసరకట్టు. ఉడికిన పెసరపప్పుని జల్లెడ పట్టి, ఆ తేటని మళ్లీ పల్చటి గుడ్డలో వడగట్టేది. గుంటూరు మనిషికి కారం లేని పెసరకట్టు ఎలా ఉంటుందో నేను చెప్పక్కర్లేదు. రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ వెళ్లాలి. లేకపోతే కొవ్వుతో పాటు కండ కూడా కరిగిపోతుంది. వెనిల్లా వాసన కొట్టే పొడిని మూడో రోజుకే అసహ్యించుకుంది. పాలపొడి కలిపిన మజ్జిగలో దాన్ని దాచి, జీలకర్ర వేసి, ఎవరికీ తెలియకుండా చేసి తనకే పోసుకుంది. "నన్ను నేనే మోసం చేసుకోవాలిరా" అని నవ్వింది.

మూడో వారం గుజ్జు, ఐదో వారం మెత్తటివి. ఇక్కడ నుంచి అక్క పని చూసి తీరాలి. ఆస్పత్రి చీటీలో మెత్తటివి, గట్టివి అని రెండే మాటలున్నాయి. అక్క పది రోజుల్లో దానికొక పెద్ద శాస్త్రం తయారుచేసింది. మెత్తదనం కాదు చూడాల్సింది, జారుడు. కోడి మాంసం ముక్క ఎంత నమిలినా పీచు ముడిపడి ఆగిపోతుంది. అదే కైమా కొట్టించి పెరుగులో ఉడికిస్తే దిగుతుంది. కొరమీను దిగుతుంది. కొత్తబియ్యం అన్నం బంకగా ఒక్క ఉండై కూర్చుంటుంది, పాతబియ్యం పర్లేదు. దోసె మధ్యభాగం నమిలేకొద్దీ మళ్లీ పిండవుతుంది, కరకరలాడే అంచు మాత్రం పోతుంది. ఇడ్లీ సాంబార్లో నానితేనే. ఇదంతా ఏ పుస్తకంలోనూ చదివింది కాదు. ఒక్కొక్క పదార్థాన్నీ నాలుక మీద పెట్టుకుని, ఛాతీ మీద చెయ్యి వేసుకుని, లోపల అది ఎక్కడిదాకా వెళ్లిందో వింటున్నట్టు కళ్లు మూసుకునేది. తబలా శ్రుతి చేసేవాడు అలా వింటాడు.

ముద్ద మారింది. తెలుగువాళ్ల తిండికి కొలత గరిటె కాదు, ముద్ద. ఐదు వేళ్లూ కలిస్తే ఏ సైజు వస్తుందో అది చిన్నప్పుడే ఖాయమైపోతుంది, చేతిరాతలాగా. అక్క ముద్ద పెద్ద నిమ్మకాయంత ఉండేది. దాన్ని ఉసిరికాయంత, తర్వాత శనగగింజంత చేయడానికి ముందు చెంచా పట్టుకుంది. చెంచాతో అన్నం రుచి తెలియలేదు. మళ్లీ చేతికే వచ్చి, మూడు వేళ్లతో, బొట్టు పెట్టుకునేంత పట్టుతో తినడం నేర్చుకుంది. ఒక్కో ముద్దకీ ఇరవై ఐదు నమలడాలు. ముద్దకీ ముద్దకీ మధ్య చెయ్యి ఒళ్లో పెట్టుకునేది. కంచం పక్కన నీళ్ల గ్లాసు ఎత్తేశారు, తిన్న అరగంటకి గానీ నీళ్లు లేవు. యాభై ఏళ్లుగా పక్కనే ఉన్న గ్లాసు కోసం ఎడమచెయ్యి నెలల తరబడి వెతికింది.

కడుపు నిండిందని ఆమెకి ఎలా తెలుస్తుందో మొదట నాకు అంతుపట్టలేదు. ఆమెకే తెలియలేదు. కడుపు చెప్పే పాత భాష పోయింది, కొత్త భాష ఇంకా రాలేదు. నాలుగో నెలలో పట్టుకుంది. నిండడానికి ఒక్క ముద్ద ముందు ఆమెకి ముక్కు కారుతుంది. కారం తిన్నట్టు ఒక్క చుక్క. కొందరికి ఎక్కిళ్లు, కొందరికి తుమ్ము, కొందరికి నిట్టూర్పు వస్తాయని తర్వాత డాక్టరు చెప్పారు. ఆ చుక్క రాగానే కంచం జరిపేస్తుంది. ఆ తర్వాత ఒక్క ముద్ద వేసినా లాలాజలం నురగలా పైకి తన్ని, అరగంట వరండాలో పచార్లు చెయ్యాలి.

ఒకసారి అలా అయింది కూడా. "ఆ ఒక్క ముద్దా పారేస్తావా, అన్నం కదే" అంది అమ్మ. అక్క తినేసింది. ఆ మధ్యాహ్నం వాష్‌బేసిన్ దగ్గర కూతురి వీపు నిమురుతూ అమ్మ ఏమీ మాట్లాడలేదు. మర్నాటి నుంచి వడ్డన మార్చింది. కంచం తీసేసి, కాఫీ పళ్లెంలో పెట్టడం మొదలుపెట్టింది. పళ్లెంలో మూడు వంతులే పెట్టేది. డెబ్బై ఐదేళ్ల చేతికి, అందులోనూ కొసరి వడ్డించడమే ప్రేమ అనుకున్న చేతికి, ఆ నాలుగో వంతు ఖాళీగా వదలడం ఎంత కష్టమో ఆలోచించండి. సర్జన్ వదిలిన సెంటీమీటరుకి నేను పెట్టిన నమస్కారం దీనికీ పెట్టాను.

తెనాలిలో పెళ్లికి వెళ్లాం, ఏడో నెలలో. అప్పటికి 29 కిలోలు తగ్గింది. "ఏంటే అలా చిక్కిపోయావు, ఏదైనా జబ్బా?" అని పిన్ని గొంతు తగ్గించి అడిగింది. లావుగా ఉన్నప్పుడు ఏ జబ్బూ కనబడలేదు ఆవిడకి. బంతిలో అక్క విస్తరి మీద రెండు చేతులూ అడ్డం పెట్టుకుని కూర్చుంది, మొహమాటపు పేరంటాళ్లు కూర్చున్నట్టు. గారె అంచు, పప్పు, పెరుగు. బూరె వైపు చూసి ఊరుకుంది.

ఊరుకోగలగడంలో ఆమె గొప్ప కొంతే. 1999లో జపాన్ శాస్త్రవేత్తలు కోజిమా, కంగావా కనుక్కున్న గ్రెలిన్ అనే హార్మోను ఆకలి పుట్టిస్తుంది. అది ఎక్కువగా తయారయ్యేది జీర్ణాశయం పైగోపురంలో. గలీబులా లాగేసిన ముక్కలో ఆ గోపురం ఉంది. అందుకే మొదటి నెలల్లో అక్కకి ఆకలన్నదే తెలియలేదు, గడియారం చూసి తినేది. పదకొండో నెలలో ఒక రోజు ఫోను చేసి, ఎవరో చనిపోయినంత మెల్లగా, "ఆకలేసిందిరా" అంది. శరీరం కొత్త దారులు వెతుక్కుంటుంది. అసలు పరీక్ష ఆ రోజు మొదలైందని నాకనిపిస్తుంది. అప్పటిదాకా కుట్టు ఆపింది, ఇక చెయ్యి ఆపాలి.

మిగతావి గబగబా చెప్తాను. షుగరు మాత్రలు రెండో వారానికే సగమయ్యాయి, బరువు పెద్దగా తగ్గకముందే. బీపీ మాత్ర తగ్గించడం ఆలస్యమై ఒకసారి కళ్లు తిరిగి పడబోయింది. నాలుగో నెలలో జుట్టు గుప్పెళ్లుగా ఊడింది. మళ్లీ వస్తుందని డాక్టరు చెప్పినా నమ్మలేదు, ఏడాదికి వచ్చింది. బీ12, ఐరన్, కాల్షియం, డి విటమిన్ ఇక ఎప్పటికీ మానకూడదు. ఐరన్‌కీ కాల్షియంకీ మధ్య రెండు గంటలు ఎడం ఉండాలి, లేకపోతే ఒకదాన్ని ఒకటి ఒంటబట్టనివ్వవు. "తోడికోడళ్లు" అని పేరు పెట్టింది వాటికి. మాస్కు పెట్టెలోకి వెళ్లిపోయింది. ఉంగరం జారుతుంటే దారం చుట్టుకుంది. దారం కూడా చాలక బీరువాలో పెట్టింది.

మనసు మాత్రం ఇంకా 118 కిలోలే. గేటు సగం తెరిచి ఉన్నా పూర్తిగా తోసుకుని వచ్చేది. షేర్ ఆటోలో ఇద్దరు కూర్చుని ఉంటే ఎక్కేది కాదు, తర్వాతి దాని కోసం నిలబడేది. ఏడాది దాటాక ఒక రోజు నన్నూ వాళ్లబ్బాయినీ ఎక్కించి, మధ్యలో తను కూర్చుని, బ్రాడీపేట నుంచి బస్టాండు దాకా ఏ పనీ లేకుండా వెళ్లి తిరిగొచ్చింది.

బ్రాడీపేటలోనే ఆమె టైలరు. ఒక మిషను, ఒక ట్యూబులైటు, గోడకి దేవుడి పటం. ముప్పై ఏళ్లుగా అక్క జాకెట్లన్నీ ఆయనే కుట్టాడు. మూడు నెలలకోసారి పాత జాకెట్ల మూట తెచ్చి పడేస్తే, చంక కింద నుంచి నడుము దాకా కొత్త కుట్టు వేసి బిగించి ఇచ్చేవాడు. చర్మం వేలాడుతోందని అక్క సిగ్గుపడితే, అడక్కుండానే చేతులు మోచేతి దాకా పొడిగించి, అంచు దగ్గర బిగువు పెట్టకుండా కుట్టాడు. నేను ఒక జాకెట్టు తిరగేసి చూశాను. పక్కన నాలుగు కుట్ల వరసలు. ఒకటి బయటికి, తర్వాతవి వేలెడు వేలెడు లోపలికి. కత్తిరించకుండా మిగిల్చిన గుడ్డ లోపల మడతగా ఉంది.

81 కిలోల దగ్గర బరువు నిలబడ్డాక, ఏడాదిన్నరకి, అక్క ఆయన దగ్గరికి వెళ్లి చెప్పింది.

"లోపల ఆ గుడ్డంతా ముద్దలా తగులుతోంది మాస్టరూ, కత్తిరించెయ్యండి. ఇక నాకు దాంతో పనిలేదు."

ఆయన కళ్లద్దాల పైనుంచి చూశాడు. "ఉండనీండమ్మా. కుట్టు కావాలంటే వేస్తా. గుడ్డ కత్తిరించను."

అక్కకి కోపం వచ్చింది. నేను మళ్లీ లావెక్కుతాననా ఆయన ఉద్దేశం అని నాతో దారంతా గొణిగింది. వేరే టైలరు దగ్గరికి వెళ్తానంది. వెళ్లలేదు.

రెండేళ్లు నిండేసరికి బరువు 84 అయింది. ఇది మామూలేనని, ఈ ఆపరేషన్ అయిన చాలామందికి రెండో ఏటి తర్వాత కొంత తిరిగి వస్తుందని డాక్టరు ముందే చెప్పి ఉన్నారు. అయినా ఆ రాత్రి అక్క అన్నం తినలేదు. తెల్లారి బీరువాలోంచి గులాబి రంగు మంగళగిరి జాకెట్టు తీసి, గుమ్మంలో వెలుతురుకి కూర్చుని, అన్నిటికన్నా లోపలి కుట్టుని సూదిమొనతో ఒక్కొక్క పోగే పైకి లేపుతూ విప్పింది. గుడ్డ వేలెడు వదులైంది. విప్పిన చోట సూది కన్నాల వరస ఇంకా కనబడుతోంది. దాని మీద నీళ్లు చిలకరించి, ఇస్త్రీపెట్టె స్విచ్ వేసి, అది వేడెక్కేలోగా ఉగ్గుగిన్నె నింపుకుంది.